కారు వేలానికి వెళ్తున్నారా?

"ఒకటోసారి... రెండోసారి..."

వేలం పాడించే ఆయన గొంతు పెంచేసరికి మా వదిన చెయ్యి మళ్లీ పైకి లేవబోయింది. నేను గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని కిందకి లాగేశాను. "మూడోసారి!" అన్నాడాయన. ఎర్ర స్విఫ్టుని ఎవరో పాడుకుపోయారు. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకో ఐదువేలు వేస్తే మనదయ్యేది కదే!" అంది.

నిజమే, బహుశా అయ్యేది. కానీ రెండు లక్షలు దాటకూడదని ఇంట్లో అనుకుని బయల్దేరినవాళ్లం, అప్పటికే 2,30,000 దగ్గరికి వచ్చేశాం. ఆ రోజు నామీద అలిగి దారిపొడవునా మాట్లాడని వదినే రెండు నెలలు తిరిగేసరికి "నువ్వారోజు చెయ్యి పట్టుకోకపోతే ఏమైపోయేదాన్నో" అంది. ఈ మధ్యలో మేమిద్దరం నేర్చుకున్నదే ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను. సెకండ్‌హ్యాండ్ కారు వేలంలో అయితే చవగ్గా వస్తుందన్న మాట ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. వస్తుంది కూడా. కాకపోతే చవగ్గా పాడటం వేరు, చవగ్గా పడటం వేరు!

అవసరం అలా వచ్చింది

మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. తెనాలి నుంచి గుంటూరు వెళ్లాలి. నాలుగు గంటలు మిషను మీద ఉండి బయటికొచ్చేసరికి మనిషి వడిలిపోయి ఉంటుంది. అప్పుడు బస్సెక్కించాలి, దిగాక మళ్లీ ఆటో చూడాలి. ఓసారి బస్టాండులోనే కళ్లు తిరిగి కూలబడిపోయింది. పోనీ టాక్సీ మాట్లాడదామంటే నెలకి పన్నెండు, పదమూడుసార్లు. ఎక్కడ తట్టుకుంటాం? అన్నయ్యది లారీ ట్రాన్స్‌పోర్టులో ఉద్యోగం. నెలలో సగంరోజులు ఊళ్లో ఉండడు. నేనేమో విజయవాడలో. భారమంతా వదిన మీదే.

"ఓ పాత కారు కొనుక్కుంటే అత్తయ్యని నేనే తీసుకెళ్తాను అమ్మాయ్" అంది ఒకరోజు. అన్నదే తడవు, నలభై ఒకటో ఏట డ్రైవింగు స్కూల్లో చేరింది. మొదటివారం వీధిలోవాళ్లు అరుగుల మీద నిలబడి చూసి నవ్వారు. రెండు నెలల్లో లైసెన్సు తెచ్చుకుంది. చీటీ పాడింది. మూడు లక్షల చీటీకి చేతికొచ్చింది 2,60,000. ఉన్నదంతా అదే. కారు, రిపేర్లు, కాగితాలు... అన్నీ అందులోనే తేలాలి.

షాపుల్లో పదేళ్ల వ్యాగన్-ఆర్ 2,80,000 చెప్పారు. ఎంత బేరమాడినా దిగిరాలేదు. అదే సమయంలో అన్నయ్య స్నేహితుడెవరో "బ్యాంకు వేలంలో రెండు లక్షలకే కొట్టుకురావచ్చు" అన్నాడు. అలా మొదలైంది మా వేలం యాత్ర.

ఏ బండ్లు వేలానికి వస్తాయి?

వేలమంటే మనకి తెలియంది కాదు. చీటీ పాట తెలుసు. వినాయకచవితికి లడ్డూ పాట తెలుసు. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పాడారట, ఇప్పుడది లక్షల్లోకి వెళ్లిపోయింది. పాటలో వస్తువు విలువ ఒకటి, పోటీలో పలికే ధర మరొకటి అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

కార్ల విషయానికొస్తే ముఖ్యంగా మూడు రకాలు వేలానికి వస్తాయి.

మొదటివి, అప్పు వాయిదాలు కట్టలేకపోయినవాళ్ల దగ్గర బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు స్వాధీనం చేసుకున్న బండ్లు. మనలాంటివాళ్లకి పనికొచ్చేవి ఎక్కువగా ఇవే.

రెండోవి, ప్రమాదాల్లోనో వరదల్లోనో బాగా దెబ్బతిని, ఇన్సూరెన్సు కంపెనీలు పూర్తినష్టం కింద పరిహారం ఇచ్చేసిన బండ్లు. వీటిలో కొన్నింటిని తుక్కు కిందే అమ్ముతారు. అలాంటివి విడిభాగాలకే తప్ప మళ్లీ రోడ్డెక్కించడానికి కొనకూడదు. ఇలాంటి బండి నంబరునే దొంగబండికి తగిలించి అమ్మే ముఠాలు కూడా ఉన్నాయి. మెకానిజం తెలియని మనం ఇటువైపు చూడకపోవడమే మంచిది.

మూడోవి, ప్రభుత్వ శాఖలు వదిలించుకునే బండ్లు. వీటిని చాలావరకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ వంటివాటి ద్వారా ఆన్‌లైన్లో వేలం వేస్తారు. ఒకప్పుడు కలెక్టరాఫీసు అంబాసిడర్‌నీ, జీపునీ పాడుకొచ్చి ఇరవయ్యేళ్లు నడిపినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఇప్పుడా ఆశ పెట్టుకోకండి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు 2023 ఏప్రిల్ నుంచి తుక్కుకే వెళ్లాలని కేంద్రం నిబంధన తెచ్చింది.

అన్నిటికీ కలిపి ఒక షరతు ఉంటుంది. "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే." వేలం ప్రకటనలో ఈ ముక్క చూసి చదువుకుంటూ పోతాం. అసలు కథంతా అందులోనే ఉంది. రేపు ఇంజను చెడిపోయినా, గేరుబాక్సులో పళ్లు అరిగిపోయి ఉన్నా అమ్మినవాళ్లకి సంబంధం లేదన్నమాట. చీరలో చిరుగుందని కొట్టుకి తిరిగి తీసుకెళ్లినట్టు ఇక్కడ కుదరదు.

యార్డులో తొలిరోజు

స్వాధీనం చేసుకున్న బండ్లని ఊరి బయట పెద్ద యార్డుల్లో ఉంచుతారు. వేలానికి ముందు రెండు మూడు రోజులు వచ్చి చూసుకోనిస్తారు. 2025లో సంక్రాంతి వెళ్లాక మేం వెళ్లిన యార్డు గుంటూరు, విజయవాడల మధ్య హైవే పక్కన ఉంది. వందల కార్లు దుమ్ము కొట్టుకుని, టైర్లలో గాలిలేక వరసగా నిలబడి ఉన్నాయి. ఆడవాళ్లం మేమిద్దరమే. గేటు దగ్గర కుర్రాడు "సార్ రాలేదా మేడం?" అని రెండుసార్లు అడిగాడు. "వచ్చారు, వీరే" అని వదిన తనతో తెచ్చిన మెకానిక్ బాబాయిని చూపించింది.

ఆ బాబాయిది తెనాలిలో చిన్న షెడ్డు. రోజు పోతుంది కదా అని వెయ్యి రూపాయలు ఇస్తామన్నాం. ఆ వెయ్యి రూపాయలు ఎంత కాపాడాయో చెబుతాను వినండి.

లోపలికి వెళ్లగానే వదిన కళ్లు ఒక తెల్ల డిజైర్ మీద పడ్డాయి. ఆ దుమ్ములో అదొక్కటే తళతళా మెరుస్తోంది. కొత్త సీటుకవర్లు, లోపల సెంటు వాసన. "ఇది చాలు మనకి" అంది వదిన. బాబాయి ఏమీ మాట్లాడలేదు. డ్రైవరు సీటు దగ్గర బెల్టుని చివరిదాకా, ఇంక రాదనేదాకా బయటికి లాగాడు. బెల్టు ఆఖరి జానెడు మట్టిరంగులో ఉంది, పైన సన్నటి గీత. తర్వాత కాలికింద పరిచిన కార్పెట్ ఎత్తాడు. మూలల్లో ఎండిపోయిన ఒండ్రు. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు తుప్పు. "ఇది మునిగిన బండమ్మా" అన్నాడు. "సెంటు ఎందుకు కొట్టారనుకున్నారు?"

నాకు ఒళ్లు జలదరించింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా మునిగినప్పుడు నీళ్లలో తేలిన కార్లని కళ్లారా చూసినదాన్ని. అలా మునిగిన బండి బయటికి బాగానే కనిపిస్తుంది, కొన్నాళ్లు నడుస్తుంది కూడా. తర్వాత వైర్ల కనెక్షన్లు ఒక్కొక్కటే తుప్పు పట్టి, ఎప్పుడు ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. డయాలసిస్ చేయించుకుని వస్తున్న మనిషిని కూర్చోబెట్టుకుని నడిరోడ్డు మీద ఆగిపోతే? వదిన మారుమాట లేకుండా పక్క వరసలోకి నడిచింది.

మెకానిక్ ఏం చూస్తాడు?

ఆ రోజు బాబాయి వెనకాలే తిరిగి మేం నేర్చుకున్నవి ఇవి. మెకానిక్‌ని తీసుకెళ్లినా మీరూ చూడండి.

డోర్లు, బానెట్, డిక్కీ మూతల చుట్టూ ఉండే సందు అన్ని వైపులా సమానంగా ఉండాలి. ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు ఉంటే టింకరింగ్ జరిగినట్టే. రంగులో తేడా కోసం ఎండలో పక్కనుంచి చూడాలి. పుట్టీ పెట్టిన చోట అయస్కాంతం సరిగా అతుక్కోదు. ఫ్రిజ్ మీద పెట్టే బొమ్మ అయస్కాంతం ఒకటి పర్సులో వేసుకెళ్తే చాలు.

టైరు పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. నాలుగు టైర్లూ నాలుగు రకాలుగా, ఆరేడేళ్ల పాతవిగా ఉంటే కొత్త టైర్ల ఖర్చు లెక్కలో వేసుకోవాలి. స్టెపినీ ఉందో లేదో డిక్కీ తీసి చూడాలి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మనం వెళ్లేసరికే వేడెక్కి ఉంటే ఎందుకో ఆలోచించాలి. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంటు లోపలికి పోతోందేమో అనుమానించాలి. ఆయిలు పోసే మూత తీసి చూస్తే అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉంటే నీళ్లు కలిశాయేమో చూడాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా అనుమానమే.

మీటరు మీద కిలోమీటర్లని మాత్రం నమ్మకండి. మీటరు తిప్పడం పెద్ద విద్యేం కాదు. దానికంటే క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగు, గేరు రాడ్ మీద పిడి నిజం చెబుతాయి. 30 వేలే తిరిగిన బండికి పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు కదా!

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. యార్డులో చాలాచోట్ల స్టార్టు చేయనిస్తారు తప్ప నడపనివ్వరు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే అదీ లేదు. కొన్నిటికి తాళాలే ఉండవు. అంటే గేరుబాక్సు, సస్పెన్షను, బ్రేకులు చూడకుండానే కొంటున్నాం. ఆ తెలియనిదానికి కూడా ఒక ధర కట్టాలి. ఎలాగో కింద చూడండి.

నంబరు నోట్ చేసుకోండి

యార్డు నుంచి వచ్చేటప్పుడు నచ్చిన బండ్ల నంబర్లు రాసుకోండి. పరివాహన్ వెబ్‌సైట్లోగానీ ఎంపరివాహన్ యాప్‌లోగానీ నంబరు కొడితే బండి ఎప్పుడు రిజిస్టరైంది, పెట్రోలా డీజిలా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, రిజిస్ట్రేషను గడువెంత అన్నీ కనిపిస్తాయి. సొంత కార్లకి రిజిస్ట్రేషను 15 ఏళ్లే. తర్వాత ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్లి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కాబట్టి 13 ఏళ్ల బండి చవగ్గా వస్తోందంటే కారణం ఉంటుంది. చలాన్లు ఎన్ని పెండింగులో ఉన్నాయో కూడా చూడాలి. బండి దొంగతనం కేసులో ఉందేమోనని జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ల వాహన్ సమన్వయ్‌లో చూసుకోవచ్చు.

బండి మీద వేసి ఉన్న ఛాసిస్ నంబరు, ఆర్‌సీలో నంబరు ఒకటేనా అని అక్షరం అక్షరం సరిచూడండి. ఇందులో మొహమాటం వద్దు.

నంబరు ఏ రాష్ట్రానిదో కూడా ముఖ్యమే. మనం ఆంధ్రాలో ఉండి టీఎస్, టీజీ నంబరు బండి పాడినా, తెలంగాణలో ఉండి కర్ణాటక బండి పాడినా అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషను చేయించాలి, లైఫ్ ట్యాక్సు ఇక్కడ కట్టాలి. పాటలో మిగిలిందనుకున్నది పన్నుకే పోవచ్చు.

ఇంట్లో కూర్చుని వేసిన లెక్క

స్విఫ్టు పాటలో పరువు పోగొట్టుకుని వచ్చాక నేనూ వదినా వంటింట్లో నేలమీద కూర్చుని చాకలిపద్దు పుస్తకంలో ఒక లెక్క వేశాం. ఈసారి మేం చూసుకున్నది 2014 వ్యాగన్-ఆర్. అలాంటిదే షాపులో అయితే 2,80,000. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాం.

టైర్లు, బ్యాటరీ, క్లచ్, సర్వీసు, చిన్నాచితకా కలిపి బాబాయి చెప్పిన రిపేర్లు 40,000. పేరు మార్పిడి, వేలం సంస్థ రుసుము, ఇన్సూరెన్సు కలిపి 20,000. యార్డు నుంచి ఊరికి తీసుకురావడానికి, పార్కింగుకి 5,000. చూడకుండా కొంటున్నాం కనక, లోపల ఏముందో తెలియనిదానికి 25,000. అంతా కలిపి 90,000. 2,80,000లో అది తీసేస్తే 1,90,000. అదే మా హద్దు. అంతకి ఒక్క రూపాయి పైకి పాడినా షాపులో కొనుక్కోవడమే మేలు. షాపువాడైతే కనీసం ఊరు చివరదాకా నడిపి చూడనిస్తాడు!

ఎర్ర స్విఫ్టుకీ ఇలాగే ఏదో ఒక అంకె అనుకున్నాం గానీ కాగితం మీద పెట్టలేదు. నోటితో అనుకున్న హద్దు పాట వేడిలో కరిగిపోతుంది. కాగితం మీద రాసి, పక్కన ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. నవ్వుకోకండి, అది పనిచేసింది.

పాట మొదలయ్యాక

పాటలో పాల్గొనాలంటే ముందు ధరావత్తు కట్టాలి. పాట మనకి రాకపోతే అది తిరిగి ఇచ్చేస్తారు. పాట మనదై, గడువులోగా మిగతా డబ్బు కట్టలేకపోతే మాత్రం ధరావత్తు మీద ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి "పాడేశాక ఎక్కడో అప్పు పుట్టిద్దాం" అనే ధైర్యం వద్దు. ఇంకో సంగతి, చాలా వేలాల్లో హెచ్చుపాట మనదైనా పని అయిపోయినట్టు కాదు. బ్యాంకు ఆ ధరకి ఒప్పుకోవాలి. వాళ్లు మనసులో అనుకున్న కనీస ధర రాకపోతే పాట రద్దు చేసేస్తారు. పాడిన ధర మీద జీఎస్టీ విడిగా ఉందో, కలిపే ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఎక్కువ వేలాలు ఆన్‌లైన్లోనే జరుగుతున్నాయి. ఫోనులోనే పాడొచ్చు, చుట్టూ జనం ఉండరు కనక నయమే అనుకుంటాం. కానీ ఆఖరి నిమిషంలో ఎవరైనా పాడితే గడువు ఇంకొన్ని నిమిషాలు పొడిగే పద్ధతి ఉంటుంది. అలా పొడుగుతూ పొడుగుతూ అర్ధరాత్రి దాకా వేలు ఫోను మీదే ఉండిపోతుంది. యార్డులో చెయ్యెత్తడానికి కాస్త సిగ్గైనా ఉంటుంది, ఫోనులో అదీ ఉండదు.

యార్డు పాటల్లో వచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్రోకర్లే. రోజూ వచ్చేవాళ్లు, ఒకరికొకరు తెలిసినవాళ్లు. కొత్తమొహం కనిపిస్తే ఊరికే పైకి పాడి రెచ్చగొట్టి వదిలేసేవాళ్లూ ఉంటారు. అలాంటప్పుడు పంతం మొదలైందంటే మన పని అయిపోయినట్టే. వదిన చక్కటి మాట అంది: "చీటీ పాటలో చూడు, ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే ఎక్కువ వదులుకుంటారు. మన అవసరం మొహంలో కనపడకూడదు."

వ్యాగన్-ఆర్ పాట లక్షా ఇరవై దగ్గర మొదలైంది. వదిన పెదవి విప్పలేదు. లక్షా అరవై దాటాక ముగ్గురే మిగిలారు. అప్పుడు చెయ్యెత్తింది. 1,82,000 దగ్గర మూడోసారి అన్నారు. నేను చెయ్యి పట్టుకోవాల్సిన పనే రాలేదు. చీటీ కాగితం ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

పాట మనదైంది, బండి మనదవ్వాలిగా!

డబ్బు కట్టగానే తాళాలిచ్చారు. తాళాలు చేతికొస్తే కారు మనదైనట్టే అనుకుంటాం. ఆర్‌సీలో మన పేరెక్కేదాకా చట్టం దృష్టిలో అది మనది కాదు. ఈలోగా ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులన్న గొడవ ఇంతా అంతా కాదు. ఆర్‌సీలో పేరున్నవాళ్లే పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అందుకే అమ్మినవాళ్లకీ మంచిది కాదు, కొన్నవాళ్లకీ మంచిది కాదు.

బ్యాంకు నుంచి ఏమేం తీసుకోవాలో రాసుకోండి. పాట మీ పేరున ఖరారైనట్టు పత్రం, డబ్బు కట్టిన రసీదు, ఆర్‌సీ, అప్పు తాలూకు పేరు తీసేయడానికి ఫారం 35, నిరభ్యంతర పత్రం. పేరు మార్చడానికి ఫారం 29, 30. పాత యజమాని స్వయంగా బండి అప్పగించి సంతకాలు పెట్టి ఉంటే పని సులువు. ఆయన ఆర్‌సీ ఇవ్వకపోయినా, కనబడకుండా పోయినా బ్యాంకు ఫారం 36తో ఆర్టీవోకి దరఖాస్తు చేసి ముందు తన పేరు మీద కొత్త ఆర్‌సీ తీసుకోవాలి. తర్వాతే మన పేరుకి మారుతుంది. ప్రభుత్వ వేలంలో కొన్నవాటికైతే ఫారం 32 ఉంటుంది. బండి తీసుకున్న 30 రోజుల్లోగా పేరు మార్పుకి దరఖాస్తు చేయాలి.

మాకు ఈ దగ్గరే ముడిపడింది. ఒక కాగితం మీద సంతకం లేదని ఆర్టీవో ఆఫీసులో వెనక్కి పంపారు. వదిన ఆ సంతకం కోసం నాలుగుసార్లు తిరిగింది. యాభై రోజులు పట్టింది. అన్నాళ్లూ కారు ఇంటి ముందు ముసుగేసుకుని నిలబడే ఉంది. అమ్మ బస్సులోనే వెళ్లింది. కాగితాలు ఎప్పటిలోగా ఇస్తారో డబ్బు కట్టే ముందే రాతలో అడిగి ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

ఇన్సూరెన్సు లేకుండా యార్డు గేటు కూడా దాటించకండి. లేకపోతే క్రేన్ మీద తెప్పించుకోండి. పాత పాలసీ గడువు ఉంటే 14 రోజుల్లోగా మీ పేరుకి మార్చమని కంపెనీకి దరఖాస్తు చేయాలి. క్లెయిములు లేనందుకు పాత యజమానికి వచ్చే రాయితీ ఆయనదే. మనకి రాదు.

ఇంతకీ చివరికి ఎంతైంది? పాట 1,82,000. రిపేర్లు 47,000, ఏసీ కంప్రెసర్ మేం అనుకోనిది. కాగితాలు, ఇన్సూరెన్సు, రుసుము 19,000. తేవడానికి 4,000. మొత్తం 2,52,000. షాపు ధర మీద మిగిలింది 28,000. చీటీ డబ్బులో ఎనిమిది వేలు మిగిలాయి. లక్ష మిగులుతుందని చెప్పినవాళ్లు ఈ లెక్క చూడాలి!

వెనకసీటు కింద రిబ్బను

కారుని కడుగుతుంటే వెనకసీటు కింద వదినకి ఒక ఎర్ర రిబ్బను, చిన్నపిల్ల జడక్లిప్పు దొరికాయి. చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. "ఈ పిల్లని ఇప్పుడు స్కూలుకి ఎలా పంపుతున్నారో" అంది.

నిజం. వేలానికొచ్చే ప్రతి బండి వెనకా ఒక ఇంటి కష్టం ఉంటుంది. ఉద్యోగం పోయి ఉండొచ్చు, జబ్బు చేసి ఉండొచ్చు. ఆ తెల్ల డిజైర్ యజమాని వరద తర్వాత వాయిదాలు కట్టలేకపోయాడేమో. రేపు మన ఇంటికే ఆ పరిస్థితి వస్తే తెలిసి ఉండాల్సిన సంగతులు నాలుగు చెబుతాను.

రెండు వాయిదాలు తప్పగానే మొహం చాటేయకుండా బ్యాంకుకి వెళ్లి మాట్లాడండి. గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. రౌడీలని పంపి బండి లాక్కోవడం కుదరదని, చట్టప్రకారమే చేయాలని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. స్వాధీనానికి ముందు నోటీసు, అమ్మే ముందు బాకీ కట్టుకోవడానికి చివరి అవకాశం గురించి అప్పు పత్రంలో ఉండాలన్నది రిజర్వు బ్యాంకు మాట. వేలంలో బాకీ కంటే ఎక్కువ వస్తే ఆ మిగులు మీదే, అడిగి తీసుకోండి. తక్కువ వస్తే మిగతాది మీరే కట్టాలి. అన్నట్టు, బండి తీసుకెళ్లే ముందు అందులోని సొంత సామాను తీసుకోవడం మర్చిపోకండి.

ఈ జాగ్రత్తలు మరవకండి

* మీ మెకానిక్ చూడని బండిని పాడకండి. ఫొటోలు చూసి అసలే పాడకండి.
* సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి, కార్పెట్ ఎత్తి చూడండి.
* ఛాసిస్ నంబరు, ఆర్‌సీ నంబరు సరిపోల్చండి. చలాన్లు, ఇన్సూరెన్సు చూసుకోండి.
* షాపు ధర నుంచి రిపేర్లు, కాగితాలు, తేవడం, తెలియని ఖర్చు తీసేయగా మిగిలిందే మీ హద్దు. కాగితం మీద రాయండి.
* ధరావత్తు, జీఎస్టీ, రుసుము, పార్కింగు ఎవరు కట్టాలో ముందే అడగండి.
* ఆర్‌సీ, ఫారాలు ఎన్నాళ్లలో ఇస్తారో రాతలో తీసుకోండి.
* తోడుకి ఒకరిని తీసుకెళ్లండి, మీ చెయ్యి పట్టుకుని ఆపగలిగిన మనిషై ఉండాలి!

మొన్న శనివారం నేనూ వాళ్లతో గుంటూరు వెళ్లాను. అమ్మ ముందుసీట్లో కూర్చుంది. డయాలసిస్ అయ్యాక సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టాం. ఇదివరకు బస్సులో కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునే మనిషి. నందివెలుగు వచ్చేసరికి చిన్నగా గురక వినిపించింది. వదిన రేడియో తగ్గించి, గుంతలు తప్పించుకుంటూ మెల్లగా నడుపుతోంది. అద్దానికి ఆ ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"పారేయబుద్ధి కాలేదమ్మాయ్" అంది.